సౌండు తీసేసి చూసిన నలభై వీడియోలు

నలభై మంది పిల్లల భవిష్యత్తును ఒక్క మధ్యాహ్నంలో, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే తేల్చేసిన మనిషిని నేను. ఎవరి మాటకారితనానికీ పడిపోలేదు. పడిపోవాలంటే ముందు మాటలు వినాలి కదా, నేను వినలేదు. నలభై వీడియోలనూ సౌండు తీసేసి చూశాను. అంతర్జాతీయ యువజన సదస్సుకు మనుషుల్ని ఎంపిక చేసినవాళ్ళలో నా అంత నిష్పక్షపాతి మరొకరు ఉండరని ఆ రోజు నాకు గట్టి నమ్మకం. మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ ముక్క రాసుకున్నాను కూడా, సౌండు సంగతి ఒక్కటి మినహాయించి. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

సౌండు తీసేసి చూడటం నాకు ఆ రోజు కొత్తగా పుట్టిన తెలివి కాదు. మాది సూరత్‌లోని భేస్తాన్‌లో చీరల కొట్టు. అంతకు ముందు అదే గదిలో మా బాపు కిరాణం నడిపేవాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి సూరత్ సాంచాల మీద బట్ట నేయడానికి వచ్చినవాళ్ళే అప్పుడూ ఇప్పుడూ మా గిరాకీ. కందిపప్పు దళారీ వచ్చి తన సరుకు గొప్పలు చెబుతుంటే బాపు తల ఊపుతూనే ఉండేవాడు, చెయ్యి మాత్రం మోచేతి దాకా బస్తాలో ఉండేది. అతను పోయాక అమ్మ "ఏమంటుండు?" అని అడిగితే "ఏమో, నేను ఇన్ననా?" అనేవాడు. ఆ విద్య నాకు అబ్బింది. ఇప్పుడు మార్కెట్టు వ్యాపారులు రోజూ పొద్దున్నే ఫోనుకు చీరల వీడియోలు పంపుతారు. ఒకడు మడత విప్పి కొంగు పరుస్తూ "బెహన్, ఇది సూరత్ మొత్తంలో ఇంకెవరి దగ్గరా లేదు" అంటాడు. అదే చీరను పక్క కొట్టువాడూ అదే మాటతో పంపుతాడు. అందుకే ముందు సౌండు నొక్కేసి అంచు, కొంగు, బట్ట జారే తీరు చూస్తాను. పది సెకన్లు చాలు. ఇన్నేళ్ళలో నేను మోసపోయింది తక్కువ.

అలాంటి నన్ను ఆ సదస్సువాళ్ళు ఎందుకు కూర్చోబెట్టారంటే, వాళ్ళకు తెలుగు తెలిసిన మనుషులు కావలసి వచ్చారు. ఏటా ఏదో ఒక దేశంలో పది రోజులు జరిగే సదస్సు అది. ఇరవై ఐదేళ్ళ లోపువాళ్ళకే. దరఖాస్తు అంటే కాగితాలేమీ ఉండవు, ఎవరి భాషలో వాళ్ళు తాము చేస్తున్న పని గురించి రెండు నిమిషాల వీడియో పంపాలి. మా ఊళ్ళోని తెలుగు పిల్లల వీడియోలకు మొదటి వడపోత మా సంఘం చేయాలన్నారు. ఇద్దరిని పెట్టారు. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, రెండో మనిషిని నేను. ఆ సీటు నాకు ఊరికే రాలేదు. సంఘం వార్షికోత్సవానికి వేదిక మీద ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు అసలు ధరకే ఇస్తానని అధ్యక్షుడి దగ్గర బేరం కుదుర్చుకుని సంపాదించాను. హెడ్మాస్టరుకు ఆ వారమే కంటి ఆపరేషన్ అయింది. "సార్, మీరు నిమ్మళంగ పండుకోండ్రి, మీ వంతు గూడ నేనే చూస్త" అన్నాను. ఆయన నన్ను దీవించాడు.

వీడియోలకు పేర్లుండవు, నంబర్లే. పక్కన మార్కులకొక గడి, కారణం రాయడానికొక గడి. పన్నెండో నంబరు చూడగానే నచ్చింది. తాపీ నది ఒడ్డు, తెల్ల బనియన్లలో పిల్లలు చెత్త ఏరుతున్నారు, పైనుంచి తీసిన నది, వంతెన మీద ఎర్రటి పొద్దు. అంచూ కొంగూ కుదిరిన సరుకు. తొమ్మిది వేశాను. ముప్పై ఒకటో నంబరులో ఆకుపచ్చ సున్నం కొట్టిన గోడ, బెంచీ మూల, మేకుకు వేలాడుతున్న ఒక చీటీ. పది సెకన్లు చూశాను. గోడ. వేలితో ముందుకు జరిపాను. గోడే. చివరికి లాగాను. అప్పటికీ గోడే. "ఫోను పట్టుకోవడం కూడా రాలేదు, విషయం లేదు" అని రాశాను. సున్నా పెడితే బాగుండదని ఒక మార్కు వేశాను, కొసరు వేసినట్టు. సాయంత్రానికల్లా జాబితా హైదరాబాదులో ఉన్న సమన్వయకర్తకు పంపేశాను.

మర్నాడు పదకొండు గంటలకు ఫాల్ కుట్టిన చీరల మూటతో ఆ పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ ఇరవై ఐదు నిండబోతున్నాయి. తండ్రి సాంచాల మీద పని చేస్తాడు. చిన్నప్పుడు మా బాపు కొట్టుకు ఉప్పుకో చాయపత్తికో వచ్చి, నాతో కబుర్లు చెప్పి ఆలస్యంగా ఇంటికి పోయి తిట్లు తినేది. ఇప్పుడు మధ్యాహ్నాలు మా కొట్టు చీరలకు ఫాల్ కుడుతుంది. పొద్దున పూట ఎక్కడికో పోతుందని తెలుసు, ఎక్కడికని నేనెప్పుడూ అడగలేదు. చీరలు వేళకు వస్తున్నాయి, నాకదే చాలు.

మూట దించి గల్లా బల్ల మీద మోచేతులు ఆనించింది.

"అత్తమ్మా, ఆ నలభైల నాది గూడ ఉన్నది. ఏదో చెప్పు చూద్దాం."

"ఏంది, నువ్వు గూడ పెట్టినవా? ముందుగాల చెప్తే ఏం పోయింది?"

"చెప్తే నువ్వు మార్కులేస్తవని సిఫారసు చేయించుకున్నదంటరు. ఇప్పుడు ఏసుడు అయిపోయింది గదా. చెప్పు, ఏది నాది?"

"నంబర్లేసి ఇస్తే మాకేం తెలుస్తది పిల్లా."

"నంబరు సంగతి ఇడిసిపెట్టు. గొంతు గుర్తువట్టలేదా? ఇరవై ఏండ్ల సంది ఇంటున్నవ్."

నేను నవ్వి చీరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె ఫోను తీసి నా ముందున్న గజంబద్దకు ఆనించి వీడియో పెట్టింది. ఆకుపచ్చ గోడ. బెంచీ మూల. మేకుకు చీటీ.

ఈసారి సౌండు ఉంది.

ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు. డాక్టరు గొంతు గుజరాతీలో ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. "ఎన్ని దినాల సంది తాతా?" అని ఈ పిల్ల గొంతు. దసరాకు ముందట్నుంచి అన్నాడు ముసలాయన. ఆమె గుజరాతీలో అప్పజెప్పింది. మళ్ళీ డాక్టరు. మళ్ళీ ఈమె.

"బీడీలు తాగుతవా అంటుండు."

"లేదని చెప్పు బిడ్డా."

"లేదని చెప్తే తప్పు మందు రాస్తడు. ఎన్ని?"

"ఒక కట్ట."

"ఒక్కటేనా?"

"రెండు."

నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా బేరాలు ఆడుతున్నాను, ఎవరి నోటినుంచీ ఇంత తొందరగా నిజం రాబట్టలేదు. ఆ తర్వాత డాక్టరు గొంతు తగ్గించి ఏదో పొడుగ్గా చెప్పాడు. గుజరాతీ నాకు బాగా వచ్చు, అర్థమైంది. ఈ పిల్ల దాన్ని తెలుగులో చెప్పలేదు. కాసేపు ఫ్యాను చప్పుడే. అప్పుడామె గుజరాతీలోనే డాక్టరుతో, ఈ మాట ఒంటరి మనిషికి నేను చెప్పలేను సార్, వీళ్ళ కొడుకును పిలిపిస్తాను, ఇద్దరూ ఉన్నప్పుడు మీరు చెబితే నేను తెలుగులో చెబుతాను అంది. తర్వాత తెలుగులో, "తాతా, నీ కొడుకు వచ్చేదాంక చాయ తాగుదమా?" అంది. చివర్లో గొంతు ఫోనుకు దగ్గరగా వచ్చింది. "ముఖాలు కావాలనే చూపియ్యలేదు. తాత గొంతు ఇచ్చెటందుకే ఒప్పుకున్నడు." అంతే, రెండు నిమిషాలు.

"ఇప్పుడు చెప్పు. గుర్తువట్టినవా లేదా?"

"గుర్తువట్టిన" అన్నాను. "గొంతు ఇనంగనే తెలిసింది. పక్షపాతం అంటరని ఊకున్న."

ఆమె ముఖం వెలిగింది. గిరాకీ లేని దుకాణంలో బోణీ అయినట్టు నేనూ నవ్వాను. అడక్కుండానే మిగతాది చెప్పుకొచ్చింది. మూడేళ్ళుగా పొద్దున్నే సర్కారు దవాఖానకు పోయి గుజరాతీ రాని మన బస్తీవాళ్ళ పక్కన నిలబడుతోందట. ఈమధ్య గేటు దగ్గర కొత్త మనిషి వచ్చాడు. రోగి కూతురివా, కోడలివా, ఎవరు నువ్వు అని ఆపేస్తున్నాడు. పెద్ద డాక్టరును అడిగితే ఎక్కడిదన్నా ఒక గుర్తింపు కాగితం తెచ్చుకో, లోపల కుర్చీ వేయించి మెడలో వేసుకునే బిళ్ళ ఇప్పిస్తానన్నాడు. సదస్సుకు పోయివచ్చినవాళ్ళకు అలాంటి కాగితం ఇస్తారు.

"నాకు ఇమానం ఎక్కుడు గాదత్తమ్మా, ఆ బిళ్ళ కావాలె. వచ్చే నెలల ఇరవై ఐదు నిండుతయి. మళ్ళ ఛాన్సు లేదు." మూట బట్ట దులిపి మడత పెట్టుకుని, "నువ్వు ఎన్ని ఏసినవో అడుగను తియ్యి" అని వెళ్ళిపోయింది.

నేను కొట్టు తలుపు సగం దించి సమన్వయకర్తకు ఫోను చేశాను. హైదరాబాదు కుర్రవాడు, మర్యాదస్థుడు. తుది జాబితా ఆ సాయంత్రం ఆరింటికి పైవాళ్ళకు పోతుందన్నాడు. ముప్పై ఒకటో నంబరుకు మార్కులు మార్చాలన్నాను.

"ఎందుకు మేడమ్?"

"మళ్ళీ చూస్తే బాగుందనిపించింది."

"మొదటిసారి చూసినప్పుడు బాగాలేదని రాశారు. విషయం లేదన్నారు. ఏం మారింది మేడమ్? ఆడియో విన్నారా లేదా?"

"నెట్టు సరిగా రాలేదు నిన్న."

"ఆ ఒక్కదానికేనా, అన్నిటికీనా?"

గల్లా మీదున్న చీర మడత సరిచేశాను.

"మేడమ్, ఆడియో వినకుండా మార్కులు వేశానని మీరు నాలుగు లైన్లు రాసివ్వండి. నలభై వీడియోలూ ఇంకో ఊరి ప్యానెల్‌కు పంపి మళ్ళీ చూపిస్తాం. రెండు రోజులు గడువు నేను అడుగుతాను, ఇస్తారు. మీ పేరు మాత్రం ప్యానెల్ నుంచి తీసేస్తారు, సంఘానికి కూడా తెలియజేయాలి. అంతకంటే ఏం జరగదు."

అతను అడిగిన ధర అది. ఇప్పుడు తలుచుకుంటే చవక. కానీ అడిగిన ధరకు కొనడం నా ఒంట్లో లేదు. ప్యానెల్‌లోకి తీసుకున్నప్పుడు సంఘం భేస్తాన్ మూలమలుపులో కట్టించిన, నా ఫొటో ఉన్న ఫ్లెక్సీ కళ్ళ ముందు ఆడింది. పన్నెండో నంబరు అమ్మాయి ఎవరో అప్పటికే సంఘానికి పొక్కింది. హజీరాలో ఇంజనీరుగా పనిచేసే మన ఆంధ్రా ఆయన కూతురు, ఆల్థాన్‌లో ఉంటారు. ఆ తల్లి పొద్దున్నే నాకు ఫోను చేసి థాంక్సు చెప్పింది. నలభై మళ్ళీ చూస్తే అన్నీ తలకిందులవుతాయి.

"అన్నీ ఎందుకు బాబూ, అది ఒక్కటి మళ్ళీ చూడటానికి తోవ లేదా?"

"ఒక్కటి అంటే ఫైలులోనే లోపం ఉంటే రాసే గడి ఒకటి ఉంది మేడమ్. అది వేరే."

అక్కడ నా బుర్ర పనిచేసింది. మా వ్యాపారంలో చీర దారం పోయి వస్తే బిల్లు వెనక 'డ్యామేజీ' అని రాసి తిప్పి పంపుతాం. వారంలో దాని బదులు మంచి పీసు వస్తుంది. ఎవరూ ఎవరినీ నిందించరు. సరుకుది తప్పు, మనిషిది కాదు. అలాగే 'డ్యామేజీ' రాస్తే ఆ పిల్లను ఇంకో వీడియో పంపమంటారు, ఈసారి మంచి మార్కులు పడతాయి, నా ఫ్లెక్సీ కూడా చెక్కుచెదరదు అనుకున్నాను. లోపం రాస్తే ఏమవుతుందని ఒక్క మాట అడగలేదు. తెలియనట్టు కనిపించడం బేరంలో ఓడటమేనని నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ గడిలో రాశాను: "ముప్పై ఒకటి. వీడియోలో శబ్దం లేదు." పంపాక నా తెలివికి నాకే ముచ్చటేసి చాయ తెప్పించుకుని తాగాను.

రెండు వారాలకు ఆ పిల్ల వచ్చింది. ఆ రోజు మూట లేదు. ఫోను తీసి ఉత్తరం చదివింది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆగి ఆగి తెలుగులో చెబుతూ. మీ వీడియోలో శబ్దం లేదని పరిశీలకులు ధ్రువీకరించారు. శబ్దం లేని వీడియోను అసంపూర్ణ దరఖాస్తుగా లెక్కిస్తాం కాబట్టి మీ పేరును పరిశీలించలేదు.

"పరిశీలకులంటే నువ్వే గదా?"

"సారు గూడ ఉన్నడు."

"సారు కండ్లకు పట్టీ కట్టుకుని పండుకున్నడు. నాకెరికే." గొంతు పెంచలేదు. "గొంతు ఇనంగనే గుర్తువట్టిన అన్నవ్. సౌండే లేకుంటే గొంతెట్ల ఇన్నవ్?"

బయట చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మా వైపు తిరిగారు. వాళ్ళను ఏదో సాకుతో పంపేశాను. పంపేసి చెప్పాను. సౌండు తీసేయడం, ఒక మార్కు, ఫోను, అతను అడిగిన నాలుగు లైన్లు, నేను రాసిన ఒక లైను. ఏదీ దాచలేదు, అయితే చెబుతున్నప్పుడు కూడా నాకు అనుకూలంగా ఉన్న ముక్కలు ముందు చెప్పానని గుర్తు.

విని బల్ల మీద వేలితో గీతలు గీసింది.

"నాలుగు లైన్లు రాసుటానికి ఎంత సేపు పడ్తుండె అత్తమ్మా?"

"నేను నీ మంచికే…"

"ఒక్క మార్కే ఉంచినా బాగుండు. మార్కులు తక్కువచ్చినయని అడిగితే మళ్ళ చూస్తమని అండ్ల రాసి ఉన్నది. సౌండు లేదంటే అడుగుటానికే లేదు."

ఆ నియమం ఉందని నాకు తెలియదు. ఏమీ చేయకుండా చేతులు కట్టుకు కూర్చున్నా ఆ పిల్లకు ఒక దారి మిగిలి ఉండేదన్నమాట. నేను సాయం చేసి దాన్ని మూశాను.

సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇప్పిస్తానన్నాను. అధ్యక్షుణ్ణి దవాఖానకు తీసుకుపోతానన్నాను. గేటు మనిషితో నేనే మాట్లాడతానన్నాను.

"ఆపు జర" అంది. "ఎంతకు తెగుతదా అని చూస్తున్నవా? ఇప్పుడు రాయి. నా ముంగట రాయి."

ఆమె ఎదుటే సమన్వయకర్తకు రాశాను. అప్పుడు అతను అడిగిన నాలుగు లైన్లే. ఆమె చదివి చూసి, ఒక చోట నేను "పొరపాటున" అని పెడితే ఆ పదం తీసేయించింది. రెండు రోజులకు జవాబొచ్చింది. నిజం చెప్పినందుకు ధన్యవాదాలు, సీట్లు ఖరారయ్యాయి, ఇక మార్చలేం, దరఖాస్తుదారు వయసు పరిమితి దాటనట్లయితే వచ్చే ఏడాది మళ్ళీ పంపవచ్చు. నా పేరు ప్యానెల్ నుంచి తీసేశారు. ఎంపిక ముగిసింది కనుక సంఘానికి ప్రత్యేకంగా తెలియజేయలేదని కూడా రాశారు. చివరి లైను చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. అదీ చెప్పాలి కదా.

తర్వాత నేను ఇప్పించిన సంఘం ఉత్తరం పట్టుకుని ఆ పిల్ల దవాఖానకు పోయిందట. పెద్ద డాక్టరు మారిపోయాడు, కొత్తాయన ఇలాంటి కాగితాలు బస్తీకొకటి వస్తాయన్నాడట. గేటు మనిషి నాలుగు రోజులు ఆపాడు, ఐదో రోజు ఆమె పోలేదు. ఇప్పుడు వరాఛాలో వజ్రాలు సానపట్టే కంపెనీ ఆఫీసులో కంప్యూటరు మీద కూర్చుంటోంది. పొద్దున తొమ్మిదింటికి పోవాలి. డాక్టర్లు రోగుల్ని చూసేదీ అప్పుడే. మా కొట్టు ముందు నుంచే బస్సు స్టాపుకు పోతుంది. నేను పలకరిస్తే ఆగుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, వెళ్ళిపోతుంది.

పోయిన నెలలో మా గిరాకీ ఒకామె వచ్చింది. మొగుడికి ఛాతీలో నొప్పి, దవాఖానలో ఎవరేం చెబుతున్నారో ఇద్దరికీ అర్థం కావడంలేదట.

"ఆ పిల్ల వస్తలేదేందక్కా ఇప్పుడు?"

"నౌకరి దొరికింది, వరాఛాల."

"మంచిదే, పాపం. నీకు గుజరాతీ మస్తు వస్తది గదా. ఒక్క పూట రారాదు?"

"కొట్టుకాడ ఎవరుంటరు? ఐతారం అయితే వస్త" అన్నాను. ఆదివారం డాక్టర్లు చూడరు. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. సరేనని తల ఊపి పోయింది.

ఇంత చెప్పాక లెక్క కట్టకపోతే అన్యాయం. ఆ పిల్లకు సదస్సు పోయింది, బిళ్ళ పోయింది, మూడేళ్ళు తనే కట్టుకున్న పని పోయింది. బస్తీలో గుజరాతీ రానివాళ్ళందరికీ పక్కన నిలబడే మనిషి పోయింది. మిగతా ముప్పై ఎనిమిది మందికి ఏం పోయిందో నాకు తెలియదు, వాళ్ళ మాటలు ఈనాటికీ నేను వినలేదు. పన్నెండో నంబరు అమ్మాయి పోయి వచ్చింది, ఆమె తప్పేమీ లేదు. ఇక నా వంతు. సంఘంలో నా పరువు అలాగే ఉంది, ఆల్థాన్ గిరాకీ పెరిగింది, ఫాల్ కుట్టడానికి వారం తిరక్కుండా ఇంకొకామె దొరికింది, కుట్టు కొంచెం వంకర. నాకు జరిగిన నష్టం ఆ కాస్త వంకరే.